నలభై నిమిషాల ఎస్సే: ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే

పోయిన సంచికలో ఎవరికో జవాబు రాస్తూ, క్లాసులో గడియారం పెట్టి రాయించే ఎస్సే గురించి మరోసారి మాట్లాడుకుందాం అని ఒక్క ముక్క అన్నాను. అంతే, ఉత్తరాలు కుప్ప పడ్డాయి. సగం తల్లులవి, నాలుగైదు తండ్రులవి, పిల్లలే రాసినవి కొన్ని. అన్నీ వేసుకోలేం కాబట్టి ఆరు తీశాను. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. బాపట్ల పక్క పల్లెలో చదువుకుని, ఇక్కడ అమెరికాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో పందొమ్మిదేళ్లు ఇంగ్లీష్ చెప్పి, రెండేళ్ల కిందట మానేశాను. మన ఊళ్లలో చదివేవాళ్లకి విషయం కూడా చెప్పాలి. ఇక్కడ పదకొండో తరగతిలో చాలామంది ‘ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్’ అనే కోర్సు తీసుకుంటారు. ఏపీ అంటే మన ఆంధ్రా కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి పాఠం హైస్కూల్లోనే చదవడం. మే నెలలో పరీక్ష. మొదటి గంటలో 45 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, ఆ తర్వాత 2 గంటల 15 నిమిషాల్లో మూడు ఎస్సేలు. అందులో 15 నిమిషాలు చదువుకోవడానికి పోతే ఎస్సేకి 40 నిమిషాల లెక్క. మొత్తం స్కోరులో ఎస్సేల వాటా 55 శాతం. దీనికి తర్ఫీదుగా ఏడాది పొడుగునా క్లాసులో 40 నిమిషాల ఎస్సేలు రాయిస్తుంటారు, పిల్లలు దాన్ని ‘టైమ్‌డ్ రైట్’ అంటారు. ఏపీ తీసుకోని క్లాసుల్లోనూ ఇప్పుడు ఇది మామూలే.

ప్రశ్న: అక్కా, మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మా బాబు లెవెన్త్ గ్రేడ్. చిన్నప్పట్నుంచీ పుస్తకాల పురుగు. ఇంట్లో కూర్చుని రాస్తే టీచరే మెచ్చుకుంటుంది. క్లాసులో టైమ్‌డ్ రైట్ పెడితే మాత్రం అర పేజీ రాసి ఆగిపోతాడు. మొన్న ఆరుకి రెండొచ్చింది. ఇంటికొచ్చి ‘అమ్మా, నాకసలు ఇంగ్లీషే రాదేమో’ అన్నాడు. ట్యూషన్ పెట్టించమంటారా? వాళ్ల నాన్నగారేమో రోజుకో ఎస్సే రాయించమంటున్నారు.

జవాబు: ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ రెండు మార్కుల కాగితం తీసి ఆ రెండూ ఎక్కడొచ్చాయో చూడమ్మా. 2019లో పద్ధతి మారాక ఒక్కో ఎస్సేకి ఆరు మార్కులు. థీసిస్‌కి, అంటే ‘నేను చెప్పేది ఇదీ’ అని తేల్చి చెప్పే వాక్యానికి, ఒకటి. ఎవిడెన్స్, దాని మీద వివరణ, ఈ రెంటికీ కలిపి నాలుగు. మిగిలిన ఒక్కటి ఆలోచనలో లోతుకి. అది దొరికేవాళ్లు తక్కువ, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. అర పేజీ రాసి ఆపినవాడికి రెండొచ్చాయంటే, బహుశా థీసిస్‌కి ఒకటి, మొదలుపెట్టి వదిలేసిన ఎవిడెన్స్‌కి ఒకటి పడి ఉంటాయి. అంటే వాడి దగ్గర చెప్పడానికి మాట ఉంది, చెప్పేలోపు గంట కొట్టేశారు. దీన్ని ఇంగ్లీష్ రాకపోవడం అనరు.

నా క్లాసులో ఇలా గడ్డకట్టుకుపోయేవాళ్లలో ఎక్కువమంది బాగా చదివే పిల్లలే. మొదటి వాక్యం రాస్తారు, చదువుకుంటారు, బాలేదనిపిస్తుంది, కొట్టేస్తారు. మళ్లీ రాస్తారు. మంచి వాక్యం ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు, అదే వాళ్ల కర్మ. పక్క బెంచీలో ఒక్క నవల కూడా పూర్తిగా చదవనివాడు ఆపకుండా రెండు పేజీలు బరికేస్తుంటాడు. మీవాడు ఇంట్లో బాగా రాస్తున్నాడంటే అక్కడ రాసినదాన్ని నాలుగుసార్లు దిద్దుకుంటున్నాడన్నమాట. క్లాసులో దిద్దుకునే టైము ఉండదు, ఉండేది చిత్తుప్రతే. దిద్దేవాళ్లకీ ఆ సంగతి తెలుసు, చిత్తుప్రతిగానే చూస్తారు. వాడికి ఈ మాట ఎవరూ నోరు తెరిచి చెప్పి ఉండరు, మీరు చెప్పండి.

ఇక చేతల్లోకి వద్దాం. నలభై నిమిషాల్లో మొదటి ఎనిమిది నిమిషాలు ఒక్క వాక్యం కూడా రాయకూడదు. పిల్లలకి ఇది చచ్చేంత భయం, ఎందుకంటే చుట్టూ అందరూ రాసేస్తుంటారు. ఆ ఎనిమిది నిమిషాల్లో చేసేది చాలా మామూలు పని. ప్రశ్న రెండుసార్లు చదవాలి. పక్కన అవును, కాదు అని రెండు మాటలు రాసుకుని, ఒక్కోదాని కింద తనకి బాగా తెలిసిన సంగతులు ఒక్కో ముక్కలో పడేయాలి. ఏ వైపు తన దగ్గర సరుకు ఎక్కువుందో ఆ వైపు తీసుకోవాలి. నిజంగా ఏ వైపు నమ్ముతున్నామనేది పరీక్ష అయ్యాక ఇంటికెళ్లి తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను క్లాసులో ఇచ్చిన ప్రశ్నే: సౌకర్యాలు పెరిగే కొద్దీ మనుషులు ఏమైనా పోగొట్టుకుంటున్నారా? 140 కాగితాలు దిద్దితే అందులో వంద ‘సౌకర్యాల వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అని మొదలయ్యాయి. ఇది థీసిస్ కాదు. పెళ్లిచూపులకెళ్లి ‘అమ్మాయి బాగానే ఉంది, బాగాలేకపోవడం కూడా ఉంది’ అన్నట్టుంటుంది. తర్వాత ఎవిడెన్స్‌గా స్టీవ్ జాబ్స్, గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ క్యూలో నిలబడి ఉంటారు. గాంధీగారిని నేను పందొమ్మిదేళ్లలో ఎన్ని ప్రశ్నలకి జవాబుగా చూశానో చెప్తే నవ్విపోతారు.

అదే ప్రశ్నకి మనవాడొకడు, గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం, ఏం రాశాడంటే: ‘ఫోన్లో మ్యాప్ వచ్చాక మనం దారి తప్పడం మానేశాం, దాంతోపాటు తెలియనివాళ్లని దారి అడగడం కూడా మానేశాం.’ కింద వాళ్ల తాతయ్య కథ. ఆయన ఏ ఊరెళ్లినా బస్టాండ్ దగ్గర టీ కొట్టులో అడిగి అడిగి ఇల్లు కనుక్కుంటాడట, ఇల్లు దొరికేలోపు ఆ వీధిలో ముగ్గురు స్నేహితులవుతారట. వీళ్ల నాన్నేమో పదేళ్లుగా ఉంటున్న వీధిలో పక్కింటివాళ్ల పేరు తెలియదు. అంతే. పెద్ద పదం ఒక్కటి లేదు, స్పెల్లింగ్ తప్పులు మూడున్నాయి. ఆరుకి ఐదు వేశాను. తాతయ్య కథ చెప్పి ఊరుకోకుండా, అడగడం అనే అవసరం పోయాక పలకరింపు కూడా పోతుంది అని కథకీ థీసిస్‌కీ ముడి వేశాడు. ఆ ముడినే ఇక్కడ కామెంటరీ అంటారు. ఎవిడెన్స్‌తో కలిపి ఆ నాలుగు మార్కులు ఉన్నది అక్కడే, మన పిల్లలు తొందరపడి దాటేసేదీ అక్కడే. ఉదాహరణ ఇచ్చేసి ‘దీన్నిబట్టి అర్థమవుతోంది కదా’ అని ముందుకెళ్లిపోతారు. ఏం అర్థమైందో రాయాలి.

రాయడం మొదలుపెట్టేటప్పుడు ఉపోద్ఘాతం దగ్గర ఆగిపోతుంటే దాన్ని వదిలేసి, థీసిస్ ఒక్క వాక్యం పైన పెట్టేసి, నేరుగా మొదటి ఉదాహరణలోకి దూకమనండి. కాగితమైతే పైన నాలుగు గీతలు ఖాళీ వదలొచ్చు. కంప్యూటర్ అయితే ఆ తిప్పలూ లేదు. ముగింపుకి టైము లేకపోతే ఒక్క వాక్యం చాలు, అసలు లేకపోయినా కొంప మునగదు, దానికంటూ విడిగా మార్కు లేదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఎనిమిది నిమిషాలన్నానని ఇరవై చేయకూడదు. ఒకమ్మాయి ఇరవై ఐదు నిమిషాలు ప్లాను వేసుకుని ఒకే ఒక్క పేరా రాసింది. ఆ ఏడాది నేను చదివినవాటిలో అంత మంచి పేరా లేదు. అయినా మార్కు ఎక్కువ వేయలేకపోయాను, ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు.

రోజుకో ఎస్సే అన్న మాట మాత్రం వాళ్ల నాన్నగారికి నచ్చజెప్పి మాన్పించండి. చూసి చెప్పేవాళ్లు లేకుండా రోజూ రాస్తే భయమే ముదురుతుంది. దానికి బదులు వారానికి మూడుసార్లు, ఎనిమిది నిమిషాలు, ప్లాను మాత్రమే. భోజనాల దగ్గర మీరే ఒక ప్రశ్న పడేయండి, వాడు థీసిస్ ఒకటి, ఉదాహరణలు రెండు నోటితో చెప్పాలి, మీరు ‘అయితే ఏంటి?’ అని రెండుసార్లు అడగాలి. మన అవధానం గుర్తు తెచ్చుకోండి. పృచ్ఛకుడు సమస్య ఇవ్వగానే అవధాని గాల్లోంచి పద్యం తీస్తాడనుకుంటాం. ఛందస్సు ఏళ్ల తరబడి నాలుక మీద నలిగి ఉండబట్టే అప్పటికప్పుడు భావం ఒక్కటి వెతుక్కుంటే సరిపోతుంది ఆయనకి. మీవాడికి వాక్యాలు ఎటూ ఉన్నాయి, నలగాల్సింది ఆ మొదటి ఎనిమిది నిమిషాలు.

ప్రశ్న: ఆంటీ, నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో జూనియర్‌ని, అంటే పదకొండో తరగతి. మా కోచింగ్‌లో ఒక అంకుల్ ఏ టాపిక్‌కైనా పనికొచ్చే ఎస్సే టెంప్లేట్ ఇచ్చారు. ఐదు పేరాలు, ప్రతి దాంట్లో రెండు పెద్ద పదాలు, ‘మిరియడ్’, ‘ప్లెథోరా’ లాంటివి. ఎంత పొడుగ్గా రాస్తే అంత స్కోరు అంటున్నారు. బట్టీ పట్టేయనా?

జవాబు: పట్టకు నాన్నా.

అంకుల్‌ని తప్పు పట్టలేం, ఆయన చెప్పింది ఒకప్పుడు పనిచేసింది. 2005లో ఎస్ఏటీలో, అంటే ఇక్కడ కాలేజీ ప్రవేశాల కోసం రాసే పరీక్షలో, 25 నిమిషాల ఎస్సే పెట్టారు. అప్పుడు ఎంఐటీలో రాత నేర్పే లెస్ పెరెల్‌మన్ అనే ఆయన, బయటపెట్టిన నమూనా ఎస్సేలు తీసి చూస్తే, పొడుగు పెరిగే కొద్దీ స్కోరు పెరుగుతోందని తేలింది. రాసినదాంట్లో చరిత్ర తప్పులున్నా స్కోరు తగ్గడం లేదు. పెద్ద గొడవే అయింది. 2016లో ఆ ఎస్సేని 50 నిమిషాలు చేసి, రాసేవాళ్లు రాయొచ్చు లేకపోతే లేదు అన్నారు. 2021లో దాదాపుగా ఎత్తేశారు. ఎస్సే పోయింది, ‘ప్లెథోరా’ మాత్రం కోచింగ్ సెంటర్లలో ఇంకా బతికుంది.

ఇప్పటి ఏపీ రూబ్రిక్‌లో, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలో, పెద్ద పదానికి మార్కు లేదు. ఐదు పేరాలు ఉండాలనీ లేదు, మూడున్నా నాలుగున్నా ఎవరూ లెక్కపెట్టరు. ఐదు పేరాల చట్రం తప్పని నేననను, ఆరో తరగతి పిల్లలకి అది సైకిలు పక్కన పెట్టే చిన్న చక్రాల్లాంటిది. కానీ నువ్వు చట్రాన్ని ముందే పోతపోసుకుని వెళితే, ప్రశ్న ఏదైనా దాన్ని ఆ చట్రంలో కుక్కుతావు. దిద్దేవాళ్లకి మూడో వాక్యంలోనే తెలిసిపోతుంది. అవతలివాళ్లు ఆవు గురించి అడిగితే నువ్వు ఆవుని తీసుకెళ్లి కొబ్బరిచెట్టుకి కట్టేసి కొబ్బరిచెట్టు గురించి రాస్తున్నట్టు. ఈ జోకు మీ నాన్నని అడుగు, ఆయన చిన్నప్పుడు విని ఉంటారు.

బట్టీ పట్టాలనే ఉంటే రూబ్రిక్ పట్టు, పేజీ కన్నా ఎక్కువ ఉండదు. అది కాక ఇంకో పని: నీకు నిజంగా బాగా తెలిసిన నాలుగు సంగతులు రెడీగా పెట్టుకో. నువ్వు ఆడే ఆట, చదివిన ఒక పుస్తకం, చరిత్రలో నీకిష్టమైన ఒక ఘట్టం, మీ ఇంట్లో జరిగిన ఒక సంగతి. వాటి లోపలి వివరాలు తెలిసి ఉండాలి. ప్రశ్నని చూసి ఈ నాలుగింట్లో ఏది అతుకుతుందో చూడు, ఏదీ అతకకపోతే బలవంతంగా అతికించకు.

ప్రశ్న: మేడమ్, నార్త్ కరోలినా, కేరీ నుంచి రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్లు. సూటిగా అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మేము ఇంటర్లో గైడు కొనుక్కుని, అనోటేషన్లు బట్టీ పట్టి, మూడు గంటల్లో పేపరు నింపేసి వచ్చాం. దాన్ని బట్టీ చదువని అందరూ తిట్టారు. ఇక్కడికొస్తే నలభై నిమిషాల్లో ఆలోచించి రాయమంటున్నారు. ఉద్యోగంలో ఎవడు గడియారం పెట్టి వ్యాసం రాయిస్తాడు? అందులోనూ చాట్‌జీపీటీ ఉన్న రోజుల్లో. ఇది పిల్లల్ని హింస పెట్టడం కాదా?

జవాబు: ఏమీ అనుకోను, నేను కూడా స్టాఫ్ రూములో ఈ గొడవే పెట్టుకునేదాన్ని. మీరన్నదాంట్లో సగానికి నేను ఒప్పుకుంటాను.

ఒప్పుకునేది ఇది. ఒక పిల్లవాడికి రాయడం వచ్చా రాదా అని ఒక్క నలభై నిమిషాల కాగితం చూసి తేల్చడం అన్యాయం. నిదానంగా ఆలోచించేవాళ్లు ఉంటారు, వాళ్లు నెమ్మదిగా వచ్చినా లోతుకి వెళ్తారు. ఈ పరీక్ష వాళ్లని వెనక్కి నెడుతుంది. నేను గ్రేడు వేసేటప్పుడు టైమ్‌డ్ రైట్‌లో తక్కువొచ్చినదాన్ని ఇంటికి తీసుకెళ్లి తిరగరాయనిచ్చేదాన్ని, తిరగరాసినదానికే ఎక్కువ బరువు. అందరు టీచర్లూ అలా చేయరు, చేస్తే బాగుండును.

పద్ధతి కొత్తదేం కాదు. 1874లోనే హార్వర్డ్ కాలేజీ ప్రవేశ పరీక్షలో, చెప్పిన పుస్తకాల్లోంచి ఒక విషయం ఇచ్చి అక్కడికక్కడ చిన్న వ్యాసం రాయించారు. ఆ పుస్తకాల్లో షేక్స్‌పియర్ నాటకాలు, వాల్టర్ స్కాట్ నవల ఉన్నాయి. అప్పట్నుంచీ హైస్కూళ్లు ఆ పరీక్ష వైపే చూసి పాఠం చెప్పడం మొదలుపెట్టాయి. మన దగ్గర ఎంసెట్ వైపు చూసి ఇంటర్ చెప్పినట్టు.

ఒప్పుకోనిది రెండో సగం. ఉద్యోగంలో ఎవరు రాయిస్తారన్నారు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్, అంటే జనం వాడుతున్న అసలు సిస్టమ్, పడిపోతుంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడేం చేస్తున్నాం, ఇరవై నిమిషాల్లో మెయిల్ పెట్టు అని మేనేజర్ అంటాడు. ఆ మెయిల్లో మొదటి వాక్యం విషయం చెప్పాలి, తర్వాత ఆధారం, తర్వాత దాని అర్థం. మీరు ఇరవై ఏళ్లలో ఇలాంటివి వందలు రాసి ఉంటారు. దానికి థీసిస్, ఎవిడెన్స్, కామెంటరీ అని పేర్లు పెట్టలేదంతే.

చాట్‌జీపీటీ సంగతికొస్తే, అది 2022 నవంబరు చివర్లో వచ్చింది, మరుసటి జనవరిలో సెలవులు అయ్యాక నాకు వచ్చిన ఇంటి ఎస్సేల్లో అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. ఎవరు రాశారో తెలియని కాగితం దిద్దడం ఎంత నీరసంగా ఉంటుందో చెప్పలేను. అందుకే టీచర్లు మళ్లీ క్లాసులోనే రాయించడం పెంచారు. కొన్నిచోట్ల పరీక్షల్లో జవాబులు రాసే, నీలి అట్ట వేసిన పల్చటి బ్లూ బుక్కులు మళ్లీ బయటికొచ్చాయి. కాబట్టి మీరు అడిగిన కారణం వల్లే ఈ గడియారం ఎస్సేలు తగ్గకపోగా పెరిగాయి. హింస అంటే కొంచెం హింసే. అయినా నలభై నిమిషాలు ఫోను లేకుండా తన బుర్రతో తాను ఒక్కడే కూర్చోవడం పదహారేళ్లవాడికి వారంలో ఇంకెక్కడా దొరకడం లేదు, అందుకే ఆ హింసని నేను కొంత వెనకేసుకొస్తాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మేము పోయిన ఏడాది ఖమ్మం నుంచి ఇల్లినాయ్‌లో నేపర్‌విల్‌కి వచ్చాం. ఎనిమిది వరకు తెలుగు మీడియం. ఇప్పుడు టెన్త్ గ్రేడ్. ముందు తెలుగులో ఆలోచించి, మనసులో ఇంగ్లీష్‌లోకి మార్చుకుని రాస్తాను. సగం కూడా రాయకముందే టైము అయిపోతుంది. ‘ఏ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు. టెన్షన్‌తో చేతులు చల్లబడతాయి. తెలుగులో ఆలోచించడం ఎలా మానుకోవాలి?

జవాబు: మానుకోకు తల్లీ. మానుకోమని చెప్పేవాళ్ల మాట వినకు. ఆలోచన నీకు ఏ భాషలో వేగంగా వస్తే అందులోనే ఆలోచించు. మొదటి ఎనిమిది నిమిషాల ప్లాను తెలుగులోనే గీసుకో, చిత్తు కాగితం మీద, పొట్టి ముక్కల్లో. దాన్నెవరూ దిద్దరు. నేను ఇప్పటికీ కిరాణా చీటీ తెలుగులోనే రాసుకుంటాను.

టైము తినేస్తున్నది ఆలోచన అనుకుంటున్నావు గానీ, అది వాక్యాన్ని వాక్యంగా మార్చడం దగ్గర పోతోంది. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, ‘మా నాయనమ్మ చెప్పిన, వాళ్ల ఊళ్లో వరదొచ్చినప్పుడు జరిగిన సంగతి నాకు గుర్తొచ్చింది’ అని వెనకనుంచి పేర్చుకుంటూ వస్తాం. దాన్ని అలాగే ఇంగ్లీష్‌లోకి తిప్పాలంటే తోక పట్టుకుని పాముని తిప్పినట్టే. కాబట్టి వాక్యాన్ని మార్చకు, సంగతిని మార్చు. ‘వరదొచ్చింది. నాయనమ్మ చూసింది. నాకు చెప్పింది.’ ఇలా మూడు ముక్కలు చేసి మూడు పొట్టి ఇంగ్లీష్ వాక్యాలు రాయి. పొట్టి వాక్యం చిన్నతనం కాదు.

ఇంకోటి, ఇది మీ టీచరుకి కూడా తట్టకపోవచ్చు, ఎందుకంటే ఆమెకి తెలుగు తెలియదు. మనం ఏదైనా చెప్పేటప్పుడు చుట్టూ తిరిగి వస్తాం. ముందు ఊరు, ఆ ఊళ్లో మనుషులు, వాళ్ల పరిస్థితి, అన్నీ చెప్పి, చివర్లో ‘అందుకని నేననేదేంటంటే’ అంటాం. వినేవాళ్లు కూడా అందాకా ఓపిగ్గా ఉంటారు, అది మన మర్యాద. ఇక్కడి క్లాసులో ఆ ‘నేననేదేంటంటే’ పేరా మొదట్లో ఉండాలి. ఉత్తరం మీద అడ్రసు ఎలా రాస్తావు? ముందు డోర్ నంబరు, తర్వాత వీధి, ఊరు, జిల్లా. పేరా కూడా అలా రాయి, డోర్ నంబరుతో మొదలుపెట్టు. నువ్వు ఇప్పుడు జిల్లాతో మొదలుపెడుతున్నావు, ఇల్లు వచ్చేలోపు టైము అయిపోతోంది.

‘ఏ’, ‘ద’ గురించి అంత దిగులొద్దు. అవి మన భాషలో లేవు, నాకు కుదురుకోవడానికి పదేళ్లు పట్టింది, ఇప్పటికీ తొందరలో జారిపోతాయి. ఏపీ రూబ్రిక్‌లో ఉన్న మాటే చెప్తాను: అర్థానికి అడ్డొచ్చేలా తప్పులుంటే ఎవిడెన్స్ వరుసలో నాలుగో మార్కు రాదు. అంటే అర్థానికి అడ్డురాని చిన్న తప్పులు దాన్ని ఆపవు. మీ క్లాసు టీచరు లెక్క వేరే ఉండొచ్చు, అందుకని ఒకరోజు క్లాసయ్యాక వెళ్లి అడుగు. అలాగే ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం స్కూల్లో వేరే టీచరు ఉంటారు, క్లాసు ఎస్సేలకి కొంచెం ఎక్కువ టైము ఇప్పించగలరేమో ఆమెని కనుక్కో. అడగడం తలవంపు అనుకుంటాం మనం, ఇక్కడ అడగకపోతే వాళ్లకి నీ అవసరమే తెలియదు.

చేతులు చల్లబడితే రాయడం ఆపి, ప్రశ్నలో ఉన్న పదాలనే మళ్లీ ఒకసారి కాగితం మీద రాయి. చెయ్యి కదిలితే మిగతాది కొంచెం సర్దుకుంటుంది. నాకు అలాగే సర్దుకునేది.

ప్రశ్న: అండీ, కాలిఫోర్నియా, ఫ్రీమాంట్. మా అమ్మాయికి రాతలో ఇబ్బంది ఉంది, డిస్‌గ్రాఫియా అని డాక్టరు కాగితం ఇచ్చారు. 504 ప్లాన్ కింద ఎక్కువ టైము అడగొచ్చని స్కూల్ కౌన్సిలర్ అంటోంది. మా అత్తగారు ‘ఆడపిల్ల మీద ముద్ర పడుతుంది, వద్దు’ అంటున్నారు. ఆ వివరం కాలేజీలకి వెళ్తుందా?

జవాబు: వెళ్లదండీ. ఎక్కువ టైముతో రాసినట్టు స్కోరు కాగితం మీద ఉండదు, కాలేజీలకి తెలియదు. 504 అనేది వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేసిన 1973 నాటి పునరావాస చట్టంలో ఒక సెక్షన్ నంబరు. కళ్లజోడు పెట్టుకున్న పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టడం లాంటిదే. మీ అత్తగారికి కళ్లజోడు ఉంటే ఆ మాటే చెప్పి చూడండి, గట్టిగా కాదు, మెల్లగా.

మనవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. స్కూల్లో 504 ప్లాన్ వచ్చినంత మాత్రాన మే నెల పరీక్షలో దానంతటదే ఎక్కువ టైము రాదు. పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి, అది స్కూల్ ద్వారానే సులువు. వాళ్లు చూసి చెప్పడానికి ఏడు వారాల దాకా పట్టొచ్చు, కాబట్టి ఉగాది దాకా ఆగకండి, సంక్రాంతి లోపే కాగితాలు పంపించేయమని కౌన్సిలర్ వెంట పడండి. ఒకసారి ఒప్పుకుంటే సాధారణంగా హైస్కూల్ అయ్యేదాకా పనిచేస్తుంది, ఏటేటా తిరగక్కర్లేదు.

ప్రశ్న: టీచర్ గారూ, నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. మార్కులు పోతాయా? (అట్లాంటా, పదకొండో తరగతి)

జవాబు: మే పరీక్షలో పోవు. 2025 నుంచి ఏపీ ఇంగ్లీష్ పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే, బ్లూబుక్ అనే యాప్‌లో టైప్ చేయాలి. నీలి అట్ట పుస్తకం పేరే దానికీ పెట్టారు, ఎవరి చమత్కారమో. క్లాసులో మీ టీచరు కాగితం మీద రాయిస్తే మాత్రం, గీత విడిచి గీత రాయి, కొట్టివేత ఒక్క గీతతో చెయ్యి, నల్లగా పులమకు. 140 కాగితాలు ముందేసుకుని కూర్చున్న మనిషి కళ్లు రాత్రి పదకొండింటికి ఎలా ఉంటాయో నాకు తెలుసు. టైపింగ్ రెండు వేళ్లతో చేస్తున్నావా? అయితే చేతిరాత సంగతి వదిలేసి ఈ నెల దాని మీద కూర్చో.